కల్లం గుడ్డ

జానెడు గుడ్డపీలిక అది. దాని బరువు ఇన్నేళ్ళుగా మోస్తున్నానంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి. నేనైతే నవ్వలేను. పొలం పనుల్లో, పిల్లల పెంపకంలో, పండగల్లో పబ్బాల్లో పడి మర్చిపోయాననుకుంటాను. మాఘమాసం వచ్చి మిరపకాయలు కల్లంలోకి దిగగానే, ఆ ఘాటు ముక్కుకి తగలగానే, మళ్ళీ అది గుండెల మీదికెక్కి కూర్చుంటుంది. కల్లంలో అందరూ తుమ్ముతారు, అందరూ కళ్ళు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకుంటాను. అక్కడ ఏడ్చేవాళ్ళని ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. అదొక్కటి నా అదృష్టం.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. పొద్దున్నే బండి కడితే ఎండెక్కేసరికి చిలకలూరిపేట చేరే ఊరు, అంతవరకే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాల్సిన రోజున నోరు విప్పలేదు. మా ఆయనకి కూడా ఇది తెలియదు. కట్టుకున్నవాడికి చెప్పని మాట ముక్కూమొహం తెలియని మీకు చెప్తున్నానంటే నా గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

ఏం చేశాను? ఒకరి గొంతు కొయ్యలేదు. ఒకరి ఇల్లు ముంచలేదు. ఒక కుక్క కాలికి కట్టు కట్టాను. అంతే. అంతేనా? అంతే అయితే ఇన్నాళ్ళు ఎందుకు దాచాను?

మొదట్నుంచీ చెప్తాను. మాది కాలవ కింద ఊరు. పుట్టింట్లో వరి తప్ప మరొకటి ఎరగను. పెళ్ళయి ఈ నల్లరేగడి ఊరికి వచ్చి పండిన మిరపచేను మొదటిసారి చూసినప్పుడు, అబ్బ, ఎంత బాగుందో అని మురిసిపోయాను. మా అత్తగారు ఎగాదిగా చూసి, కోతలు మొదలవనీ, అప్పుడు చెబుదువుగాని బాగోతం అంది. ఆమె అన్నట్టే అయింది. మిరప పండించే ఇళ్ళలో కొన్ని కట్టుబాట్లుంటాయి. కల్లంలో కాయలు ఏరి వచ్చిన ఆడది ముందు చేతులకి నూనె రాసుకుని, మజ్జిగతో తోముకుని, ఆ తర్వాతే ఇంట్లో దేన్నైనా ముట్టుకోవాలి. చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా సరే, ముందు చేతులు, తర్వాతే పిల్ల. పనిలో ముక్కుకీ మూతికీ కట్టుకునే పాతగుడ్డ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మా పశువుల కొట్టం గోడకి ఒక కొయ్య ఉండేది. కల్లం గుడ్డలన్నీ దానికే తగిలించాలి. వాటిని ఇంటి బట్టల్లో కలపకూడదు, వాటితో చెయ్యి కూడా తుడవకూడదు. మిరపల పని అయిపోయాక ఊరి బయట పారేస్తారు.

ఇవన్నీ అత్తగారు మొదటి ఏడే నూరిపోసింది. ఆమె నూరిపోయకపోయినా నాకు తెలిసొచ్చింది లెండి. ఒకరోజు మరుపున ఆ గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ. సాయంత్రమంతా పెరట్లో నీళ్ళకాగు దగ్గర కూర్చుని గగ్గోలు పెట్టాను. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి, కాలవ పిల్లకి కారం తగిలిందే అని నవ్విపోయారు. ఏడాది పొడుగునా అదే ఎగతాళి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాపం కొత్తపిల్ల, ఎరగక చేసింది అని మీరు నన్ను వెనకేసుకురాబోతారేమోనని. వద్దు. ఎరిగే చేశాను.

మా మామగారు మాటలు తక్కువ మనిషి. ఊఁ అంటే ఔనన్నట్టు, మొహం పక్కకి తిప్పుకుంటే కాదన్నట్టు. ఇద్దరి మాటలూ అత్తగారే మాట్లాడేది. ఆయన నోరారా మాట్లాడేదల్లా గవ్వతో. గవ్వ ఆయన పెంచుకున్న ఆడకుక్క. పత్తికట్టె మోపుల సందున కళ్ళు తెరవని కూనగా దొరికిందట. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ. ఆయన చేనుకి వెళ్తే ముందు నడిచేది. బండి కడితే బండి కింద నీడన నడిచేది. కల్లానికి కాపలా అదే. ఆయన అన్నం తినేటప్పుడు ఆఖరి ముద్ద దానిది. ఆ ఆఖరి ముద్దలోకే పెరుగు ఎక్కువ మిగిల్చేవారు. నేను గుమ్మం చాటునుంచి చూసేదాన్ని. ఆకాశం వంక చూసి, "ఏం గవ్వా, వానొచ్చేట్టుందంటావా?" అని అడిగేవారు. అది తోక ఊపేది. నాతో మాట్లాడ్డానికి ఈ మనిషికి నోరు పెగలదు గానీ కుక్కకైతే పురాణం చెప్తాడు అని అత్తగారు మూతి తిప్పేది.

నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆ కుక్కంటే కాస్త కుళ్ళు. ఆ ఇంట్లో నన్ను ఆప్యాయంగా పలకరించే నాథుడు లేడు. మా ఆయన చెడ్డవారు కాదు, కానీ తల్లి ఎదట నన్ను పలకరించడానికి ఆయనకి సిగ్గు. పొద్దున లేచింది మొదలు అది మాడ్చావు, ఇది ఒలకబోశావు అనే మాటలు తప్ప నా చెవిన పడేవి కావు. ఆ కుక్కకి దొరికే ముద్దుమురిపెం చూడలేక ఒక్కోసారి గుమ్మం చాటునుంచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆ కుళ్ళే నా చేత ఆ పని చేయించిందా? ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్నానో. కాదనుకుంటాను. కాదని ఒట్టేసి మాత్రం చెప్పలేను.

అది మా పెళ్ళయిన రెండో ఏడు. కోతలు సగానికొచ్చాయి. కల్లం నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. పశువులు పడకుండా చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. ఒక మధ్యాహ్నం ఎవరిదో మేక జొరబడితే దాన్ని తరుముతూ గవ్వ ఆ కంపలోకి దూకింది. ముందరి కాల్లో, వేళ్ళ మధ్య మెత్తటిచోట తుమ్మముల్లు దిగింది. మామగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు తీశారు. అది కుయ్యిమనలేదు. ముల్లు వచ్చేసింది. చిన్న గాటు, కాస్త రక్తం. అంతకన్నా ఏం లేదు. మన పిల్లలకైతే ఊది పోఁ అని పంపించేసే దెబ్బ.

ఆయన గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆ రోజుల్లో మామగారు కోడలితో నేరుగా మాట్లాడేవారు కాదు, ఏది కావాలన్నా అత్తగారి ద్వారానే. ఆ రోజు మాత్రం నన్నే పిలిచారు. వేపాకు నీళ్ళతో కాలు కడగమన్నారు, ఆముదంలో పసుపు రంగరించి పెట్టమన్నారు, మెత్తటి గుడ్డ కట్టమన్నారు. దుమ్ము పడకపోతే రెండ్రోజుల్లో మానుద్దమ్మా అన్నారు. నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఆయన తనంతట తాను నాకు అప్పజెప్పిన మొదటి పని అది. అదీ ఆయనకి ప్రాణమైన కుక్క పని.

వేపాకు వేసి నీళ్ళు మరిగించాను. చల్లార్చి కడిగాను. ఆముదం, పసుపు రంగరించి పెట్టాను. అంతవరకూ నా చేత తప్పు లేదు. మిగిలింది మెత్తటి గుడ్డ. ఉతికి మడిచిన పాతగుడ్డలు అత్తగారి భోషాణంలో ఉంటాయి. తాళంచెవి ఆమె బొడ్లో ఉంటుంది. ఆ పొద్దున్నే పాలు పొంగిపోనిచ్చానని నన్నూ, నన్ను కన్నవాళ్ళనీ కలిపి దులిపేసింది. ఇప్పుడెళ్ళి కుక్క కాలికి గుడ్డ కావాలత్తయ్యా అంటే ఏమంటుందో నాకు కంఠతా వచ్చు. అడగబుద్ధి కాలేదు. తల తిప్పితే ఎదురుగా కొయ్య, కొయ్యకి నా కల్లం గుడ్డ. నా పాతచీర ముక్కే, వెన్నలా ఉంటుంది. తీసి గోడకేసి దులిపాను. ఎర్రటి పొడి లేచింది. నాకు తుమ్మొచ్చింది. తుమ్ము కూడా వచ్చింది చూడండి! అదేం గుడ్డో తెలియడానికి ఇంకేం కావాలి?

'కుక్కకేగా' అనుకున్నాను. పర్రున చించి కట్టాను.

ఆ ఒక్క మాట అనుకోకుండా ఉంటే. నా బిడ్డ వేలికైతే ఆ గుడ్డ కట్టేదాన్నా? మా ఆయన కాలికైతే? ఎన్ని తిట్లు పడినా సరే, వెళ్ళి భోషాణం తీయించి ఉండేదాన్ని కాదూ? అత్తగారి తిట్లకి భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, తిట్లకన్నా ముందు వచ్చింది ఆ మాటే. కుక్కకి మంట తెలియదా? నాకు తెలిసినంతా దానికీ తెలుసు. చెప్పే నోరొక్కటే లేదు.

సాయంత్రం మామగారు వచ్చి కట్టు చూశారు. కాలు అటూ ఇటూ తిప్పి, చక్కగా కట్టావమ్మా అన్నారు. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. ఆ మాట తలకెక్కింది నాకు. అప్పటికే గవ్వ కాలు కిందపెట్టడం లేదు, మూలుగుతోంది, మూతితో ఆ గుడ్డ లాక్కుంటోంది. పసుపు చురుక్కుమంటోంది కాబోలు అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే గుడ్డ ఊడదీసి పారేసింది. కట్టు లేకుండా మామగారి కంటపడితే నా చేతకానితనం అనుకుంటారని నా భయం. అదే గుడ్డ తీసుకుని, మళ్ళీ ఆముదం, మళ్ళీ పసుపు. ఈసారి ఊడకుండా గట్టిగా, ముడి మీద ముడి. అది గింజుకుంటుంటే మెడ నా మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకున్నాను. ఒసే మొండిముండా, నీ మంచికేనే అని తిట్టాను కూడా. అంత నొప్పిలోనూ అది నన్ను కరవలేదండీ. పళ్ళు కూడా చూపలేదు. నా చెయ్యి నాకింది. ఆ చెయ్యి ఇదే. ఇప్పుడు రాస్తున్న చెయ్యి.

ఎండ ముదిరేసరికి దాని వాలకం మారిపోయింది. గుడ్డని కొరికి కొరికి నోరంతా మండిపోయిందేమో, సొంగ కారుస్తూ, మూతి నేలకేసి రాస్తూ, కల్లం చుట్టూ గిరగిరా తిరుగుతోంది. ఉన్నట్టుండి కూలబడి కాలు కొరుక్కుంటోంది. మళ్ళీ లేచి పరుగు. ఆ ఏడు పక్క ఊళ్ళో పిచ్చికుక్క తిరిగి గొడ్లని కరిచిందని అందరూ బెదిరిపోయి ఉన్నారు. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు బుట్టలు వదిలి లేచి నిలబడ్డారు. సొంగ చూడండే, సొంగ చూడండే అని ఒకటే గోల. నేను కొట్టం పక్కన నిలబడి ఉన్నాను. అంతకు కాస్త ముందే గవ్వ వచ్చి కుడితితొట్టిలో మూతి ముంచి, గటగటా తాగి వెళ్ళడం నా కళ్ళారా చూశాను. పిచ్చికుక్క నీళ్ళు ముట్టదని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలిసిన సంగతులు రెండు. ఆ గుడ్డ ఏమిటో తెలుసు. అది నీళ్ళు తాగిందని తెలుసు. ఆ రెంటిలో ఏ ఒక్కటి చెప్పినా చాలు.

అప్పుడే మామగారు చేనునుంచి వచ్చారు. ఎవరు ఆపినా ఆగకుండా కల్లంలోకి వెళ్ళారు. గవ్వ కాలు నోట్లో పెట్టుకుని కొరుక్కుంటోంది. ఆయన పక్కన కూర్చున్నారు. ఆ కట్టుతోనే ఏదో బాధ అని ఆయనకి తోచింది కాబోలు, ముడి విప్పబోయారు. దాని కసంతా ఆ గుడ్డ మీదే ఉంది. పళ్ళు గుడ్డలోకి దిగాయి, మధ్యలో ఆయన చెయ్యి. నేను చూశాను. అంత దూరంనుంచి కూడా స్పష్టంగా చూశాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేసరికి రక్తం.

కరిచింది! గవ్వకి పిచ్చెక్కింది! ఊరంతా కల్లంలోకి వచ్చి పడింది. పక్కింటి కోటయ్య దుడ్డుకర్ర పట్టుకుని వచ్చాడు. అత్తగారు వాకిట్లో కూలబడి శోకాలు మొదలుపెట్టింది. మా ఆయన బస్తాలు వేసుకుని గుంటూరు వెళ్ళి ఉన్నారు. మామగారు మాత్రం కోటయ్యని చేత్తో ఆపి, నా కుక్క, ఉండండి అన్నారు. కాస్త దూరంగా జరిగి, గవ్వా, రా అని పిలిచారు. అది వచ్చింది. కుంటుకుంటూ, తోక ఊపుకుంటూ. ఆయన ఆ గుడ్డ ముళ్ళు ఒక్కొక్కటే విప్పి అవతల పారేశారు. గుడ్డ పోయాక అది నెమ్మదించి ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడింది.

ఆయన తలెత్తి అందరి వంకా చూశారు. ఒక్కొక్కరినే. ఎవరైనా ఒక్కరు, అబ్బే, దీనికి పిచ్చేంటి అంటారేమోనని చూశారు. నా వైపూ చూశారు. నేను నోరు తెరిచాను. ఔను, తెరిచాను. మామయ్యా అన్న మాట నాలుక మీద దాకా వచ్చింది. వెంటనే ఆ వెనకాల రావాల్సిన మాటలు కళ్ళకి కట్టాయి. కల్లం గుడ్డ కట్టాను మామయ్యా. అత్తగారు, ఊళ్ళో ఆడవాళ్ళు, కాలవ పిల్ల చేసిన నిర్వాకం, మామగారికి కాటు పడేట్టు చేసిన కోడలు. నిన్న సాయంత్రం విన్న ఆ ఒక్క మెచ్చుకోలు కూడా పోతుంది. నోరు మూసుకున్నాను. పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను. చూసినవాళ్ళు, పాపం పిల్ల బెదిరిపోయింది అనుకున్నారు.

కోటయ్య అన్నాడు, పిచ్చిలో ఒక్కోసారి ఇట్టా నెమ్మదిస్తాయి బాబాయ్, నమ్మకూడదు అని. మామగారు మొహం పక్కకి తిప్పుకోలేదు. కాదనలేదు. తలుగుతాడు ఆయనే దాని మెడకి వేశారు, వేరేవాళ్ళ చేతికి అది లొంగదు గనక. పత్తికట్టె వాము వెనక్కి ఆయనే నడిపించుకెళ్ళారు. తాడు కోటయ్యకిచ్చి తాను ఒక్కరే తిరిగొచ్చారు. మేం ఒక్క అరుపు విన్నాం.

నేనప్పుడేం చేస్తున్నానో తెలుసా? ఆ గుడ్డ వెతుక్కుంటున్నాను. ఎవరి కంటైనా పడుతుందేమో, ఇది కోడలి కల్లం గుడ్డ కదా అంటారేమోనని. దొరికింది. గబగబా లోపలికి తీసుకెళ్ళి పొయ్యిలో తోశాను. గుమ్మం దాటి లోపలికి రాకూడని గుడ్డ వంటింటి పొయ్యిలోకే వెళ్ళింది. అంతే, భగ్గున ఘాటు లేచింది. ఇల్లంతా దగ్గులు. వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా ఖళ్ళుఖళ్ళున దగ్గారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మా అత్తగారు దగ్గుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి నా తల నిమిరింది. పోనీలే, ఈ పిల్లకైనా తోచింది, మామకి దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది అంది. నలుగురికీ చెప్పింది. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో నన్ను తిట్టడం తగ్గింది. నమ్ముతారా? గవ్వ చచ్చాక నేను మంచి కోడల్నయ్యాను.

మామగారు గుంటూరు పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్నారు. పొద్దున బస్సెక్కి వెళ్ళడం, ఎండనపడి తిరిగి రావడం. పొట్టంతా ఉబ్బి గట్టిపడి, బోర్లా తిరగలేక, మంచం మీద వెల్లకిలా పడుకుని దూలాల వంక చూసేవారు. ఒక్క సూది కూడా అక్కర్లేదు ఆయనకి. ఆ సంగతి భూప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. ఆయనకి మజ్జిగ కలిపిచ్చేదాన్ని, కాళ్ళు పట్టేదాన్ని. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే సూదులన్నీ అయిపోయాయి. అప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. చూశారా, చెప్పకపోవడానికి ఎప్పుడూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది.

ఆయన మళ్ళీ కుక్కని పెంచలేదు. మా పెద్దపిల్ల ఒకసారి ఎక్కడినుంచో కుక్కకూనని ఎత్తుకొస్తే చూసి లేచి వెళ్ళిపోయారు. కల్లం కాపలాకి ఒక్కరే వెళ్ళేవారు. అన్నం తినేటప్పుడు ఆఖరి ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆగేవారు. అలవాటు. తర్వాత తానే తినేసేవారు. ఎన్ని ఏళ్ళైనా ఆ ఆగడం మానలేదు. ఆ పూటలు నాకు అన్నం సయించేది కాదు.

కిందటేడు ఆయన మంచానపడ్డారు. మడమ మీద పుండు పడింది. రోజూ కట్టు మార్చడం నా పని. ఇప్పుడు భోషాణం తాళంచెవి నా బొడ్లో ఉంటుంది. మంచి గుడ్డలు తీసి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడిచి పెట్టుకుని, చేతులు ఒకటికి పదిసార్లు కడుక్కుని కట్టేదాన్ని. ఒకరోజు కట్టు కడుతుంటే ఆయన నా చేతుల వంక చూస్తూ ఉన్నారు.

"నీ చెయ్యి మంచిదమ్మాయ్. ఆ రోజు గవ్వక్కూడా నువ్వేగా కట్టింది. ఎంత శ్రద్ధగా కట్టావో."

నేను గుడ్డ కొసలు ముడివేస్తున్నాను.

"ఒక్కటడుగుతా చెప్పమ్మా. దానికి నేనేం తక్కువ చేశాను? నన్నెందుకు కరిచిందంటావ్?"

మాటలు తక్కువ మనిషి. ఎన్నేళ్ళు లోపల పెట్టుకున్నారో ఆ మాట. గదిలో మేమిద్దరమే. అత్తగారు పెరట్లో ఉంది. చెప్తే వినేవాళ్ళు ఆయనొక్కరే. తిట్టే ఓపిక కూడా ఆయనకి లేదు. నాకు భయపడాల్సింది ఏముంది? నేనిప్పుడు కొత్తకోడల్ని కాదు, ముగ్గురు పిల్లల తల్లిని.

"అది కుక్క కదా మామయ్యా. పిచ్చెక్కితే దానికి తనవాళ్ళెవరో తెలుస్తుందా?" అన్నాను.

ఆయన, "అంతేనంటావా" అన్నారు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నారు.

గుడ్డ కట్టడం బుద్ధితక్కువ. అందరి ముందూ నోరు మూసుకోవడం పిరికితనం. ఈ రెంటికీ ఏదో ఒకనాటికి నన్ను నేను క్షమించుకుంటానేమో. ఈ మూడోదానికి మాత్రం లేదు. ఆయన నోరు తెరిచి అడిగారు. జవాబు నా చేతిలో ఉంది. తన కుక్క తనమీదే తిరగబడిందని ఇన్నేళ్ళు కుమిలిన మనిషి, పోయేముందు ఒక్క మాట అడిగితే, మళ్ళీ ఆ కుక్కమీదే నెట్టాను. వారం తిరక్కుండా ఆయన పోయారు.

అత్తగారు ఇప్పటికీ వచ్చేపోయేవాళ్ళకి చెప్తుంది, మా కోడలి చెయ్యి చల్లని చెయ్యి, మామగారికి ఎంత సేవ చేసిందో అని. నేను లోపలికి వెళ్ళిపోతాను. కొట్టం గోడకి ఆ కొయ్య అలాగే ఉంది. ఈ ఏడూ కల్లం గుడ్డలు దానికే వేలాడుతున్నాయి. నా గుడ్డ కూడా.

నన్ను ఏమీ అనకండి అని మిమ్మల్ని అడగను. అనండి. ఫర్వాలేదు అని మాత్రం అనకండి, ఆ మాట మీరు అనాల్సింది కాదు. అనాల్సిన మనిషి లేరు, ఆయన కుక్కా లేదు. ఇది రాస్తే ఏమైనా తేలికపడుతుందా అని మొదలుపెట్టాను. తేలిక పడిందో లేదో తెలియదు గానీ గొంతులో అడ్డం పడ్డ మాట బయటికి వచ్చేట్టుంది. ఆ రోజు ఆ గదిలో, ఆయన కాలు నా ఒళ్ళో ఉండగా చెప్పాల్సిన మాట. చిన్న మాట. చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

మామయ్యా, గవ్వకి పిచ్చి లేదు. అది మిమ్మల్ని కరవలేదు. నేను కట్టిన గుడ్డని కరిచింది. మధ్యలో మీ చెయ్యి ఉంది.